ఎడమ అంచు

సోమవారం గద్వాల కోర్టులో మాలతి సాక్ష్యం చెప్పాలి. ఆమె భర్త సుదర్శన్‌ను కొట్టి చంపిన కేసు అది. చంపింది బాలకిష్టయ్య. అందులో ఎవరికీ సందేహం లేదు, బాలకిష్టయ్య తరఫు వకీలుకు కూడా లేదు. తేలవలసిందల్లా ఎందుకు చంపాడన్నదే.

సుదర్శన్ మగ్గాల వాళ్లకు నూలూ పట్టూ ఇచ్చి, నేసిన చీరలు తీసుకునేవాడు. అతని దగ్గర నేసేవాళ్లలో బాలకిష్టయ్య అందరికన్నా పాతవాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ కుట్టరు. నేస్తూనే, ప్రతి పోగు దగ్గరా చీర ఒంటిలోని పేకను, అంటే అడ్డపోగును, అంచు పేకతో మెలివేసి కలుపుకుంటూ పోతారు, ఎడమవైపూ కుడివైపూ. బాలకిష్టయ్య కలిపిన చోట వేలితో తడిమినా అతుకు తెలిసేది కాదు. గొంతెత్తి మాట్లాడని మనిషి. సుదర్శన్ వస్తే మగ్గం గుంటలోంచి లేచి నిలబడేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

కిందటి ఏడు వేసవి నుంచి అతని చీరల్లో ఎడమ అంచు విడిపోవడం మొదలైంది. కుడి అంచు ఎప్పటిలాగే ఉండేది. ఎడమవైపు మాత్రం అక్కడక్కడ జానెడు మేర పోగులు కలవక, ఒంటికీ అంచుకూ మధ్య సందు. నేతగాడి చేతిలో తప్పు వస్తే అక్కడ ముందు అనుమానించేది కళ్లనే. యాభై దాటినవాళ్లకు చూపు మందగించడం ఇంటింటా ఉన్నదే. సుదర్శన్ అతన్ని మోటార్‌సైకిల్ మీద రాయచూరు తీసుకెళ్లి అద్దాలు చేయించాడు. అద్దాలు వచ్చాక కూడా ఎడమ అంచు అలాగే విడిపోయింది. అద్దాలు కుదరలేదని మళ్లీ తీసుకెళ్లాడు.

కళ్లు చెడితే రెండు అంచులూ చెడాలి కదా అని ఆ ఇంట్లో గానీ ఈ ఇంట్లో గానీ ఎవరికీ తోచలేదు.

రెండోసారి రాయచూరు నుంచి వచ్చిన రోజు బాలకిష్టయ్య వీళ్లింట్లోనే భోజనం చేశాడు. కంచంలో కుడివైపున్న అన్నం తిని, ఎడమవైపున్న పప్పూ బెండకాయ కూరా ముట్టకుండా, కాస్త పప్పు వెయ్యమన్నాడు. ముందు కంచంలో ఉన్నది తినమని మాలతి నవ్వుతూ అంది. ఆ మనిషి నోట ఎన్నడూ రాని బూతు మాట వచ్చింది. సుదర్శన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బాలకిష్టయ్య ఏమీ అననట్టే చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం, సుదర్శన్ విడిపోయిన చీరను బాలకిష్టయ్య మగ్గం ముందు పరిచి చూపించాడు. బాలకిష్టయ్య గోడకు ఆనించి ఉన్న చెక్క తీసుకుని సుదర్శన్ తల మీద కొట్టాడు. పోలీసులు వచ్చేసరికి మగ్గం మీద కూర్చుని నేస్తున్నాడు.

జైల్లో ఫిట్స్ వచ్చి పడిపోతే హైదరాబాద్ పంపారు. మెదడు ముందు భాగంలో, కుడివైపు, నిమ్మకాయంత గడ్డ ఉన్నట్టు స్కానింగ్‌లో తేలింది. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిందని డాక్టర్లు రాశారు. ఆపరేషన్ చేసి తీసేశారు.

మాలతి పదో తరగతికి జీవశాస్త్రం చెబుతుంది. మెదడు కుడి సగం ఒంటి ఎడమ సగాన్నీ ఎడమవైపు ధ్యాసనూ నడిపిస్తుందని, ముందు భాగం కోపాన్ని అదుపులో పెడుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ వేస్తుంది. డాక్టర్లు రాసింది ఒక్కసారి చదవగానే ఆమెకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది. మనిషి మీద పెంచుకున్న కోపాన్ని తీసుకెళ్లి గడ్డ మీద పెట్టడం ఆమెకు చేతకాలేదు.

సర్కారు వకీలు ఫోన్ చేసి, "మేడం, చీరల విషయంలో ఇద్దరికీ ముందు నుంచీ పడట్లేదని చెప్పండి, చాలు. మీ ఇంట్లో భోజనం సంగతి మీరుగా ఎత్తకండి" అన్నాడు.

శనివారం సాయంత్రం బాలకిష్టయ్య భార్య జోగమ్మ వచ్చింది. ఏడాదిలో రావడం అదే మొదలు. గడప దాటలేదు.

"సోమవారం ఏం చెప్తవ్ టీచరమ్మా?"

"నిన్ను మీ వకీలు పంపిండా?"

"వకీలు పంపితె గిట్ల వస్తనా? ఆయన రోగం రోగం అని ఒక్కటే పాట. నేను రోగమని చెప్పకు అననీకి వచ్చిన."

మాలతి సరిగ్గా విన్నానా అని చూసింది.

"కోపంల కొట్టిండని చెప్పు. కావాలంటె తాగిండను."

"ఆయన తాగడు కద జోగక్కా."

"తాగకుంటేంది? ఊర్ల అందరు తాగుతలేరా? ఆనాడు ఈయన గూడ తాగిండనుకుంటరు." జోగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మా వర్షకు వనపర్తి సంబంధం ఖాయమైంది. జైలుకు పోయిండంటె వాళ్లు పరేషాన్ కాలే. కోపం ఎవరికి రాదు అన్నరు. నెత్తిల గడ్డ అనంగనే నిన్న ఫోన్ చేసిన్రు. రేపు పిల్లకొస్తె ఏంది, పిల్ల కడుపుల పుట్టినోళ్లకొస్తె ఏంది, ఎవరి నెత్తి పగలగొడ్తరో ఏందో అంటున్రు. రక్తంల ఉంటదంట."

"రక్తంల ఉండదక్కా. ఆయనకొచ్చిన గడ్డ తండ్రి నుంచి బిడ్డకొచ్చే రకం కాదు."

"అది నీకు తెలుసు. వాళ్లు నీ బడికి రారు కద."

"రోగమని తేలకుంటె ఆయన బతికినన్ని రోజులు జైల్లనే ఉంటడు. తెలుసా?"

"తెల్సు." జోగమ్మ గొంతు మారలేదు. "ఆయన బతుకు అయిపోయింది. పిల్లది ఇంక మొదలే కాలే. నీగ్గూడ అదే మంచిగుంటది టీచరమ్మా. చంపినోనికి శిక్ష పడ్డదని ఉంటది. నేను అడిగేదాంట్ల నీకు నష్టమేముంది?"

నష్టమేమీ లేదు. మాలతికి భయం వేసింది అందుకే. ఏడాదిగా తాను కోరుకుంటున్నదాన్నే ఈమె వచ్చి అడుగుతోంది. జోగమ్మ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

సోమవారం మాలతి కోర్టులోకి అడుగుపెట్టగానే బోనులో ఉన్న బాలకిష్టయ్య చేతులు జోడించి, అంతకుముందు మగ్గం దగ్గర నిలబడినట్టే ఒదిగి నిలబడ్డాడు. గుండు మీద కోత గీత కనిపిస్తోంది. కొట్టినవాణ్ణి చూడాలని వచ్చింది ఆమె. అతను అక్కడ లేడు.

ఆమె విడిపోయిన అంచుల గురించి చెప్పింది. రాయచూరు అద్దాల గురించి, కంచంలో సగం మిగిలిపోయిన కూర గురించి చెప్పింది. బూతు మాట ఏమిటని జడ్జి అడిగితే అదీ చెప్పింది. సర్కారు వకీలు కాగితాల్లోకి తల దించుకున్నాడు.

బాలకిష్టయ్య వకీలు ఉత్సాహంగా లేచాడు. "అంటే మీ భర్తను చంపింది ఆ గడ్డేనని మీరూ ఒప్పుకుంటున్నారన్నమాట."

మాలతి జడ్జి వైపు తిరిగింది.

"అంచు కలవకపోవడానికీ, కంచంలో సగం కనబడకపోవడానికీ గడ్డే కారణమని అనుకుంటున్నాను. చెక్క ఎత్తింది కూడా దానివల్లేనా అంటే, నాకు తెలియదు. అలాంటి గడ్డ ఉండి ఎవరినీ కొట్టనివాళ్లూ ఉంటారు. నేను చూసింది మాత్రం చెప్పాను."

బయట జిరాక్స్ షాపు దగ్గర జోగమ్మ ఆమెను ఆపింది.

"మంచి పని చేసినవ్ టీచరమ్మా. వద్దన్నదే అంత వివరంగ చెప్పినవ్. ఒక్కటి కడుపుల దాచుకుంటె నీదేం పోతుండె?"

"వనపర్తోళ్లకు నేను చెప్త. ఆదివారం పోదాం."

"ఎవరూ, నువ్వా?"

"ఆ. గడ్డ సంగతి నేను చెప్త. చచ్చిపోయినాయన పెండ్లామే వచ్చి చెప్తుందంటె కూసోని వింటరు."

"వినకుంటె?"

"వినకపోవచ్చు."

జోగమ్మ నవ్వబోయి ఆగిపోయింది. షాపులో మెషీన్ ఆగి ఆగి కాగితాలు కక్కుతోంది. చెప్పాలా వద్దా అన్నట్టు ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంది.

"లగ్గం మాట కద... వాళ్లు జర పాతకాలపోళ్లు. ముందుగాల ముఖమే చూస్తరు. నువ్వు గిట్లనే వస్తె..."

మాలతికి అర్థమైంది. ఏడాదిగా ఆమె బొట్టు పెట్టుకోవడం లేదు. ఎవరూ వద్దనలేదు. బడిలో తోటి టీచర్లు పెట్టుకోమనే చెప్పారు. అద్దం ముందు నిలబడితే చెయ్యి లేచేది కాదు. దాన్ని చెరిపింది ఎవరో జోగమ్మకూ తెలుసు. అందుకే మాట అనేసి రోడ్డు వైపు చూస్తోంది.

"చిన్నది పెట్టుకుంట" అంది మాలతి. "నువ్వు పొద్దుగాలనే బస్టాండు కాడికి రా."