మంగళవారం గడి

తమ్ముడి మీద అక్కకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: వాడు ఏ పనీ వాయిదా వెయ్యడు. లోకంలో అక్కలందరూ తమ్ముళ్ల బద్ధకం గురించి గోల పెడుతుంటే, ఈవిడకి ఆ అదృష్టం కూడా లేకుండా పోయింది. కరెంటు బిల్లు వచ్చిన గంటలో కట్టేస్తాడు. లైసెన్సు గడువు డిసెంబరైతే సెప్టెంబరు నుంచే ఇంట్లోవాళ్లని నిద్రపోనివ్వడు. లాండ్రీలో పనిచేసే తొమ్మిదిమందీ వారమంతా ఏ రోజు వస్తారో, ఏ రోజు మానతారో సోమవారం పొద్దున్నే హాజరు పట్టీలో రాయించేస్తాడు. ఇంకా రాని ఆదివారం కూడా సోమవారం తొమ్మిదిన్నరకల్లా అయిపోవాల్సిందే.

రాసే చెయ్యి అక్కది. ఇరవై రెండేళ్లుగా ఆవిడదే.

ఈ సోమవారమూ ఆవిడ కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, స్కేలు ఆనించి గీతలు కొట్టి, గడుల్లోకి నీలం సిరాతో ‘హా’లు దింపుకుంటూ పోయింది. ఎవరి సెలవు గడిలో వాళ్లకి ఎర్రసిరాతో ‘సె’. ముక్కు మీదికి జారే కళ్లద్దాలని మణికట్టుతో తోసుకుంటుంది, వేలితో తోస్తే సిరా అంటుతుందని. పొట్టి వేళ్లు, ఏళ్ల తరబడి సబ్బునీళ్ల ఆవిరి తగిలి కొసల్లో చర్మం తెల్లగా నానినట్టుంటుంది. పనివాళ్లు చాటుగా ‘రిజిస్టరక్క’ అంటారు. అది ఆవిడకి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ఆ రిజిస్టర్లో ఆవిడ పేరు మాత్రం లేదు. ఇంటిమనిషి కదా, మేడమీద గదీ, రెండుపూటలా తిండీ ఉండగా గడి ఎందుకు?

వెనక గదిలో బాయిలరు బుసకొడుతోంది. ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఇస్త్రీ అతను ఆసుపత్రిలో చేరి ఆరు రోజులైంది. పోయిన మంగళవారం రబ్బరు గొట్టం బిగింపు ఊడి, ఆవిరంతా కుడిచేతి మీద కొట్టింది. ఆ గొట్టం మార్చమని అక్క నాలుగుసార్లు చెప్పింది. ఏదీ వాయిదా వెయ్యని మనిషి ఆ గొట్టం ఒక్కదాన్ని వచ్చే నెలకి, ఆపై నెలకి తోసుకుంటూ వచ్చాడు. ఏ ఆఫీసు కాగితమూ దాని సంగతి అడగలేదు మరి!

పదింటికి ఇస్త్రీ అతని భార్య వచ్చింది. చేతిలో ఆసుపత్రి చీటీ.

“సార్, పనిలో ఉండగా కాలిందని ఒక్క కాగితం రాసివ్వండి. అది ఉంటేనే బీమా ఆఫీసువాళ్లు వైద్యం ఖర్చులిస్తారంట.”

తమ్ముడు పట్టీలో పాత పేజీ తిప్పి ఆమెకి చూపించాడు. “చూడమ్మా, మంగళవారం మీ ఆయనకి సెలవు. సెలవురోజు ఎక్కడ కాల్చుకున్నాడో నేనేం చెప్పను?”

ఆమె ఎర్ర అక్షరాన్ని కాసేపు చూసింది. “సెలవా? పెళ్లై ఏడేళ్లయింది సార్, మంగళవారం పగటిపూట ఆయన మొహం చూసి ఎరగను. ఆ సెలవేదో మాక్కూడా ఒకసారి చూపించాల్సింది.”

అక్క కలానికి మూత పెట్టింది.

“ఆ చెయ్యి ఇక ముడుచుకోదంట. ఈ పనికి రాడు,” అందామె. “కొక్కేనికున్న ఆయన బట్టలు తీసుకుపోతాను.” ఎవరి జవాబు కోసమూ ఆగకుండా వెనక గదిలోకి వెళ్లిపోయింది.

అక్క గొంతు తగ్గించింది. “రాసివ్వరా.”

“రాసిస్తే ఇన్నేళ్లూ సెలవివ్వలేదని ఒప్పుకున్నట్టే. కేసు పడుతుంది. షాపు మూతపడితే నువ్వెక్కడుంటావ్, నేనెక్కడుంటాను?”

“గొట్టం మార్చమన్నానా లేదా?”

“ఇప్పుడా గొట్టం గొడవెందుకే అక్కా?”

“ఇప్పుడు కాకపోతే? వచ్చే నెలా?”

తమ్ముడు తల గోక్కున్నాడు. “ఈ కాలిన సంగతి మీదే ఇవాళ లేబర్ ఆఫీసరు వస్తున్నారు. రాసింది నువ్వేనని చెప్పు, చాలు. అబద్ధమాడమనడంలేదుగా!”

అబద్ధం ఆడక్కర్లేదట. అది ఎప్పుడో రాయించేసుకున్నాడు కదా, ముందే, ఏ పనీ వాయిదా వెయ్యకుండా! అక్కకి ఒళ్లు మండిపోయింది. తమ్ముడి మీద, గొట్టం మీద, ఇంత గొడవ జరుగుతుంటే కూడా ఒక్క కేక వెయ్యకుండా లోపల బట్టలు మడత పెట్టుకుంటున్న ఆ పిల్ల మీద కూడా.

ఆఫీసరమ్మ వచ్చి, తడి గొడుగు గుమ్మానికి ఆనించి, పట్టీ ముందుకు లాక్కుంది. “ఎంత చక్కటి దస్తూరీ! ఒక్క కొట్టివేత లేదు.”

తమ్ముడు నవ్వాడు. ఆఫీసరమ్మ వేలు ఇస్త్రీ అతని వరసలో మంగళవారం గడి మీద ఆగి, మెల్లగా కుడివైపుకి జరిగింది. అక్క చూపు ఆ వేలి వెంటే వెళ్లింది. బుధవారం ‘హా’. గురువారం ‘హా’. పేజీ తిరిగింది, సిరా సరిగా ఆరని ఈ పొద్దుటి ‘హా’.

ఒళ్లు కాలిన రోజున ఆ మనిషి ఇక్కడ లేడు. ఆసుపత్రి మంచమెక్కిన దగ్గర్నుంచీ ఒక్కపూట మానకుండా పనికి వస్తున్నాడు. వచ్చే ఆదివారం కూడా వస్తాడు. రాసింది ఎవరో కాదు. గంట కిందట, ఖాళీ ఇస్త్రీ బల్ల కనిపించేంత దూరంలో కూర్చుని, వంకర పోకుండా ఆవిడే రాసింది.

పొద్దుటినుంచీ ఒకరి మీంచి ఇంకొకరి మీదికి దూకుతున్న కోపానికి ఇక పోయే చోటు లేకపోయింది.

“ఇతను ఇవాళ పనిలోకి వచ్చాడా?” అంది ఆఫీసరమ్మ.

తమ్ముడు చప్పున అందుకున్నాడు. “మా అక్కకి ఈమధ్య చూపు సరిగా ఆనడంలేదు మేడమ్. పొరపాటున...”

“నా చూపుకేం రోగం!” అంది అక్క. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. బాయిలరు దగ్గరివాళ్లు తలెత్తి చూశారు.

ఇస్త్రీ అతని భార్య మూట పట్టుకుని వెనక గుమ్మంలో నిలబడి ఉంది. అక్క స్టూలు దిగింది. దిగితే ఆవిడ కౌంటరు కంటే జానెడే ఎత్తు. ఆఫీసరు వైపు కాదు, ఆ పిల్ల వైపు తిరిగి మాట్లాడింది.

“పోయిన మంగళవారం మీ ఆయన వచ్చాడు. అంతకుముందు మంగళవారమూ వచ్చాడు. ఏ మంగళవారమూ మానలేదు. మా తమ్ముడు రాయమన్నాడు నిజమే, కానీ కలం నా చేతిలో ఉంది. రోజూ ఎదురుగా మనిషిని చూస్తూనే లేడని రాశాను. తప్పు చేశానమ్మా. తప్పు నాది.”

ఇప్పుడన్నది రాసివ్వమని ఆఫీసరమ్మ సంచీలోంచి తెల్లకాగితం తీసి అక్క ముందు కౌంటరు మీద పెట్టింది.

వెనక గదిలో కొక్కెం ఖాళీ అయింది. ఇస్త్రీకి చేతులకి వేసుకునే గుడ్డతొడుగుల్లో కుడిదాన్ని ఆసుపత్రిలో కత్తెరతో కోసి తీశారు; ఎడమది మాత్రం, ఏ పనికొస్తుందనుకుందో ఏమో, ఆమె వదిలేసి వెళ్లగా చల్లారిన ఇస్త్రీ బల్ల మీద అరచెయ్యి పైకి పెట్టి పడుంది.