ముందు ముద్ద ఎవరిది

రాజుల బిడ్డ అనగానే నమ్మేసేంత వెర్రిదాన్ని కాదు నేను. అల్లుడు పోయాక మా సుచిత్ర మళ్లీ పెళ్లి మాట ఎత్తిందే చాలా ఆలస్యంగా. ఎత్తి ఎత్తి గుమ్మికోట సంస్థానం చిన్నరాజుగారి పేరు చెప్పింది. వీరభద్రరావు అట. మన నేవీలో ఓడ కెప్టెన్‌గా చేసి రిటైరై, ఇక్కడ సింగపూర్‌లో ఏదో షిప్పింగ్ ఆఫీసులో ఉన్నాడట. "నువ్వు సరేనంటేనే అమ్మా, లేకపోతే లేదు" అంది. అంటే పిల్ల బతుకు తెచ్చి నా నాలుక మీద పెట్టిందన్నమాట.

కోటలో పుట్టినవాడికి ఈ బెడోక్ పేటలో ఫ్లాట్‌లో ఉండే మా పిల్లతో ఏం పని? మనవరాలు నిఖిల ఫోన్లో తెల్ల యూనిఫారం ఫొటో చూపించి, "అమ్మమ్మా, ఆయన రియల్ లా!" అంది, ఇక్కడి పిల్లల్లాగా మాట చివర 'లా' తగిలించి.

"తెల్లబట్టలు డ్రామా కంపెనీలోనూ ఉంటాయే" అన్నాను.

ఆదివారం భోజనానికి పిలిచాం. చెప్పులు గోడవారగా జతగా పెట్టి లోపలికొచ్చాడు. వస్తూనే కిటికీ గడియ చూశాడు, పొయ్యి ఆరి ఉందో లేదో చూశాడు. ఈయన పిల్ల కోసం వచ్చాడా, ఇల్లు చూసుకోవడానికి వచ్చాడా? కళ్లు అతని మీదే ఉంచి అన్నం, చేపల పులుసు వడ్డించాను.

అతను ముట్టుకోలేదు.

"తినండి బాబూ."

"మీరూ కూర్చోండమ్మా."

"మా ఇళ్లలో వడ్డించిన మనిషి ఆఖర్న తింటుంది."

"అయితే నేనూ ఆగుతాను."

పులుసు మీద ఆవిరి తగ్గిపోతోంది. అప్పుడు తట్టింది నాకు, మా మామ్మ చెప్పిన సంగతి. కోటల్లో వండినవాడు ముందు తినాలట. వాడు బతికుంటేనే దొరగారు ముట్టేదట. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా పులుసులో విషం ఉందనా?"

"అమ్మా!" అంది సుచిత్ర.

అతనికి కోపం రాలేదు. "మా ఇంట్లో అదే పద్ధతమ్మా. సంస్థానాలు పోయినా మా నాన్నగారికి అనుమానం పోలేదు. మా వంటాయన అప్పలస్వామి గోడ దగ్గర నిలబడి ముందు ఓ ముద్ద తినేవాడు. నాన్నగారు ఆయన మొహమే చూస్తూ కూర్చునేవారు. అది చూడలేకే నేవీలో చేరాను. ఓడ నా చేతికొచ్చాక, వంటవాళ్లు కూర్చుంటే గాని నేను తినలేదు. అలవాటైపోయింది."

చెప్పడానికి బాగానే ఉంది. మాటలు ఎవరైనా చెబుతారు.

కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. "ఇదిగో, కూర్చున్నాను. కానీ ముందు ముద్ద మీదే. నేను ముట్టను."

నా మొహంకేసి కూడా చూడలేదు. పులుసు కలుపుకున్నాడు, తిన్నాడు. రెండో ముద్దా తిన్నాడు, మూడోదీ తిన్నాడు. అప్పుడు నేను నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు! వచ్చే మనిషి గుట్టు ఎలా పట్టుకోవాలా అని పొద్దుట్నించీ ఆలోచిస్తూ, అసలు వెయ్యడమే మరిచిపోయాను.

"ఉప్పు లేదని చెప్పరేం బాబూ?"

"చెబితే మీరు లేచిపోతారు కదమ్మా."

నిఖిల కిసుక్కున నవ్వింది. ఆ కిటికీ గడియ సంగతి ఇంకా తేలలేదు. అడుగుతాను, ఎందుకడగను? పెళ్లయ్యాక తీరిగ్గా అడుగుతాను.

"సుచిత్రా, నేను లేవకూడదట గాని, ఆ ఉప్పుడబ్బా తెచ్చి మీ ఆయనకి అందించవే."