ఎవరి పేరున ఏడవాల

సాల్కీ అక్క పోయిన రోజు మా తండాలో అతిథులు ఉన్నారు. ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి నేను ఫోన్ చేసేసరికి, బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్క ఇంటి ముందు జొన్నరొట్టెలు తింటోందట. కబురు విన్న మా తండా పెద్దావిడ హేమ్లవ్వ వాళ్ళకేమీ చెప్పలేదు. కడుపునిండా పెట్టి, వ్యాను ఎక్కించి, అది రోడ్డెక్కిన తర్వాతే గొంతు విప్పి ఏడ్చింది. అక్క ఉన్నా అదే చేయించేది.

అతిథులను పిలవడం మొదలుపెట్టింది అక్కే. మా సుగాలీ తండా ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు దిగి కొంత లోపలికి ఉంటుంది. గండికోట చూడటానికి పోయే కార్లు చాలావరకు ఆ రోడ్డునే పోతాయి. ఏటా మిరపకాయల కాలం రాగానే మావాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు కూలికి వెళ్ళేవారు. నేను ముద్దనూరు హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆ నెలల్లో నా తరగతిలో మా తండా పిల్లలు ఒక్కరూ ఉండేవారు కాదు.

"కార్లలో వచ్చేటోళ్ళు ఆ లోయను చూసి ఆకలితో మళ్ళుకుంటాండారు. మన కాడ ఆపితే ఏమి?" అంది అక్క ఒకరోజు.

ఆడవాళ్ళు కూడబలుక్కుని మూడు ఇళ్ళకు సున్నం కొట్టారు. స్నానాల గది కట్టించారు. వచ్చినవాళ్ళకు భోజనం, మా ఆటపాట, అద్దాల బట్ట కుట్టే పని, రాత్రికి పడక. "మన ఇండ్లు, మన పొయ్యి, మన మాట. మన మీద ఇంకో యజమాని వద్దు" అనేది అక్క.

అతిథులను తెచ్చేవాడు మాత్రం బయటివాడు. ప్రొద్దుటూరులో ట్రావెల్స్ నడిపే సుధీర్. మనిషి చెడ్డవాడేమీ కాదు. అక్క దినాలకు పూలదండ పట్టుకుని వచ్చాడు. ఆ రోజు చుట్టుపక్కల తండాల నుంచి చుట్టాలు వచ్చారు. మాలో ఆడవాళ్ళు చావు తర్వాత కలుసుకుంటే ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుపునే పాటగా పాడతారు. పోయినవాళ్ళ పేరు పెట్టి పిలుస్తారు. ఏం తినేవారో, ఏం పని చేసేవారో, ఎవరిని ఎలా తిట్టేవారో అంతా అందులో వస్తుంది. సుధీర్ దాన్ని ఫోన్లో వీడియో తీసుకున్నాడు. ఎవరూ గమనించలేదు.

కొన్నాళ్ళకు వచ్చి చెప్పాడు. "మేడమ్, అక్క దినాలప్పటి ఏడుపు పాట వీడియో నెట్లో పెట్టినా. శానా మంది చూసినారు. ఫోన్ చేసేవాళ్ళు ముందు అదే అడుగుతాండారు. ఆట అయిపోయినాక ఒక అయిదు నిమిషాలు అదీ పెడదాం."

"ఏందప్పా, ఏడ్చేదా?" అంది హేమ్లవ్వ.

"నిజంగా కాదులే అవ్వా. ఊరికే."

"ఊరికే అయితే నువ్వే ఏడ్వు. నీకు మీసాలు కూడా ఉండాయి, చూసేటోళ్ళకు ఇంకా బాగుంటాది."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సుధీర్ కూడా నవ్వి, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూడండి మేడమ్. గండికోట కాడ గుడారాలు బాడుగకిచ్చేటోళ్ళు నన్ను రోజూ పిలుస్తాండారు. మీరు కాదంటే వ్యాన్లు ఆడికి తిప్పుకుంటా. మీ అక్క ఉంటే అర్థం చేసుకునేది."

వ్యాన్లు ఆగితే ఇళ్ళు ఖాళీగా ఉంటాయి. ఇళ్ళు ఖాళీగా ఉంటే మళ్ళీ గుంటూరే. ఆలోచించి చెబుతామన్నాను.

అతను ఆగలేదు. ఆ ఆదివారమే పులివెందుల నుంచి నర్సమ్మలను వ్యాను నిండా తీసుకొచ్చాడు. వాళ్ళు సంగటి తిన్నారు, నాటుకోడి కూర ఇంకా కావాలన్నారు, మా ఆడవాళ్ళతో కలిసి గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టారు. ఆట ఆగగానే సుధీర్ మధ్యలోకి వచ్చి, "ఇప్పుడు మీరందరూ ఎదురు చూస్తాండే ఏడుపు పాట!" అన్నాడు. ఫోన్లు పైకి లేచాయి.

మా ఆడవాళ్ళు ఉన్నచోటే నిలబడిపోయారు. హేమ్లవ్వ నా దగ్గరికి వచ్చింది. మా భాషలో మెల్లగా అడిగింది.

"పాపా, ఏం చేద్దాం? మీ అక్క జాగాలో ఉండావు. నువ్వు చెప్పు."

"ఏడవగలవా అవ్వా?"

"ఎవరి పేరున ఏడవాల? పేరు లేకుంటే మాట రాదే నాకు."

నేను లేచి నిలబడ్డాను. బడిలో మాట్లాడినట్టే మాట్లాడాను. "అమ్మా, ఈ పాట పోయినవాళ్ళ పేరు మీద పాడేది. పేరు లేకుండా మావాళ్ళకు పాడటం రాదు. దీన్ని మేం చూపించం. మిగతావి ఎంతసేపైనా చూడండి, ఫోటోలు తీసుకోండి." ఒక్కొక్కటిగా ఫోన్లు దిగాయి. ఒకావిడ మాత్రం ముందు నుంచీ ఫోన్ తీయలేదని అప్పుడు గమనించాను. వెళ్ళేటప్పుడు ఆమే నా నంబరు అడిగి తీసుకుంది.

సుధీర్ వ్యాను తలుపు గట్టిగా వేశాడు. "టీచరమ్మకు జీతమొస్తాది. మాట్లాడతాది. రేపు వీళ్ళకు ఎవరు పెడతారు?"

"నువ్వు రాకముందు కూడా తింటానే ఉంటిమప్పా," అంది హేమ్లవ్వ. "పోయిరా, చీకటి పడతాది."

ఆ తర్వాత వ్యాన్లు రాలేదు. మూడు ఇళ్ళలో మంచాలు ఎత్తి గోడకు ఆనించారు. రెండు కుటుంబాలు గుంటూరుకు వెళ్ళిపోయాయి. వాళ్ళ పిల్లల పేర్లు పిలిచి గైరుహాజరు వేసిన పొద్దుల్లో, నేను చెప్పిన మాటలను మళ్ళీ మళ్ళీ తూచి చూసుకునేదాన్ని. హేమ్లవ్వ ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు. రోజూ ఇళ్ళ ముందు చిమ్మి నీళ్ళు చల్లేది.

ఒకరోజు ఫోన్ వచ్చింది. "టీచర్ గారూ, నేను ప్రసన్నకుమారి. పులివెందుల నర్సును. ఆరోజు పేరు చెప్పాలన్నారు కదా. నా దగ్గర ఒక పేరు ఉంది."

ఆమె ముద్దనూరు దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో దిగింది. హేమ్లవ్వ చెంబుతో నీళ్ళిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎవురమ్మా పోయింది?"

"మా తమ్ముడు. జయకర్. కరోనాలో పోయినాడు. చర్చి వాళ్ళను రానీలేదు. నేనేమో డ్యూటీలో ఉన్నా. గొయ్యి తీసినోళ్ళు తప్ప ఎవరూ లేరు."

"ఏం చేస్తాండె?"

"లారీ నడుపుతాండె. చీనీకాయలు వేసుకుని మద్రాసు పోతాండె."

"నిన్ను ఏమని పిలుస్తాండె?"

"అక్కా అని ఏనాడూ పిలవలా. 'సూదీ' అంటాండె," అని ఆమె నవ్వింది. నవ్వుతూనే హేమ్లవ్వ భుజం పట్టుకుంది.

హేమ్లవ్వ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి మొదలుపెట్టింది. మా ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆ పాటలో జయకర్ లారీ ఎక్కాడు. చీనీకాయలు కుళ్ళిపోక ముందే చేరాలని నిద్ర ఆపుకున్నాడు. సూదీ, దారిలో నన్నెవరూ ఆపలేదే, నువ్వన్నా ఆపలేదే అన్నాడు. నేను పక్కన కూర్చుని ఒక్కో ముక్కా తెలుగులో చెబుతున్నాను. మాలో ఏడ్చేవాళ్ళు తమవాళ్ళను కూడా కలుపుకుంటారు. దారిలో జయకర్‌కు రొట్టె పెట్టిన మనిషి పేరు సాల్కీ అని వచ్చింది. ఆ ముక్కను కూడా తెలుగులో చెప్పాను.

పోయేటప్పుడు ప్రసన్నకుమారి పర్సు తీసింది. హేమ్లవ్వ ఆమె చెయ్యి నొక్కి మూసేసింది. "దీనికి తీసుకోం. మీవోళ్ళను తినేదానికి పంపు, ఆడేదానికి పంపు. అప్పుడు చూడు ఎట్ల వసూలు చేస్తామో."

ఆమె పంపింది. ముందు ఆసుపత్రి వాళ్ళు వచ్చారు. తర్వాత ఆమె చర్చి వాళ్ళు, వాళ్ళ చుట్టాలు, ఆ చుట్టాల స్నేహితులు. ఇప్పుడు ఫోన్లు హేమ్లవ్వ కోడలికి వస్తాయి. తెలుగులోనే కాక, నేర్చుకుని కన్నడంలో కూడా మాట్లాడుతుంది. ఆట, భోజనం, కుట్టుపని, పడక అన్నీ చెబుతుంది. ఏడుపు పాట గురించి అడిగితే, పేరు ఉంటే విడిగా రండి, దానికి టికెట్టు లేదు అంటుంది. నాలుగో ఇంటికి సున్నం కొట్టారు. వెళ్ళిన రెండు కుటుంబాలూ తిరిగొచ్చాయి. ఈ ఏడు మిరపకాయల కాలంలో మా తండా నుంచి ఎవరూ గుంటూరు బస్సు ఎక్కలేదు. నా తరగతి నిండుగా ఉంది.

ఫోన్ మ్యాపులో మా తండా పేరు కొడితే మాత్రం ఇప్పటికీ సుధీర్ నంబరే వస్తోంది. దాన్ని మార్పించడం ఇంకా మా వల్ల కాలేదు.