పట్టింపు లేని గ్రహణం

నాందేడులో రామకిషన్ ఫోటో దుకాణం పొద్దున ఎనిమిదింటికి తెరిచేవారు. అందులో పటాలు దిద్దే దేవన్న ఏడున్నరకే వచ్చి అరుగు ఊడ్చి, చేతులు కడుక్కుని, గోడకు వేలాడే పంచాంగం తీసి తిథి చూసుకునేవాడు. తిథి చూడకుండా కుంచె ముట్టేవాడు కాదు. చదివింది నాలుగో తరగతే అయినా, పంచాంగంలో అచ్చయిన అక్షరం ఒక్కటీ వదిలేవాడు కాదు.

ఆ దుకాణానికి పేరు తెచ్చినవి వెన్నెల పటాలు. వాటిని తీసేది మాత్రం మిట్టమధ్యాహ్నం. బొంబాయి నుంచి ఒక రకం గాజుపలకలు రైల్లో వచ్చేవి. కెమెరా కంటికి ముదురు ఎర్రగాజు తొడిగి, మండుటెండలో ఆ పలక మీద పటం తీస్తే నీలాకాశం కాటుకలా నల్లబడేది, వేపాకులు పేలాల్లా తెల్లబడేవి. మనిషి కంటికి అందని వెలుగేదో ఆ పలకకు అందుతుందని రామకిషన్ చెప్పేవాడు. పలక మీద ఆకాశం ఉన్నచోట దేవన్న సన్నకుంచెతో నల్లచుక్క పెట్టేవాడు. కాగితం మీదికి దిగేసరికి అది తెల్లటి చంద్రుడయ్యేది.

దేవన్న పెట్టిన చంద్రుడు ఆకాశంలో చంద్రుడితో పాటే తరిగేవాడు, పెరిగేవాడు. అమావాస్య నాడు ఊళ్ళో ఏ పటంలోనూ చంద్రుడుండేవాడు కాదు. మబ్బు కమ్మిన సంకష్టి చతుర్థికి పక్కింటి సుమిత్రాబాయి పటంలో చంద్రుణ్ణి చూసే ఉపవాసం విడిచేది. "నా మొగని కంటె నీ చంద్రుడే నయం దేవన్నా, యాల్లకు ఇంట్ల ఉంటడు" అనేది. నిజం చంద్రుణ్ణి కెమెరా పట్టిన పటాల్లో మాత్రం, పట్టిననాటి రూపమే నిలిచిపోయేది. చేత్తో పెట్టినవాడే తరుగుతాడని జిల్లా అంతటికీ తెలుసు.

ఆ పలకలకు ఒక దుర్గుణం ఉంది. ఎరుపు వాటికి తెలుపే. ముత్తైదువ నుదుట కుంకుమ పటంలో మాయమయ్యేది. అందుకని ప్రతి ఆడమనిషికీ దేవన్న బొట్టు దిద్దేవాడు. బొట్టు దిద్దని పటం గడప దాటకూడదని అతని నియమం.

కార్తీకం చివర కుండల్‌వాడి పక్క పల్లె నుంచి దిగంబర్‌రావు పటేల్ కబురు పంపాడు. జొన్న కోసిన చేలో పరిగె ఏరుకునే ఆడవాళ్ళ పటం కావాలన్నాడు. కోత అయ్యాక రాలిన కంకులు కూలివాళ్ళవే. అది తాతలనాటి కట్టుబాటు. రామకిషన్, దేవన్న పోయేసరికి ఎండ నెత్తిన ఉంది. సంగవ్వ అనే కూలిమనిషి ఒడి నిండా కంకులతో నడుమెత్తి నవ్వింది.

"పటేలే ఏరుకొమ్మన్నడు, పటం గూడ తీపిస్తుండు. పొద్దు ఏ దిక్కు పొడిసిందో! అయ్యా, నా బొట్టు మంచిగ రావాలె. నా మొగడు మాణిక్ గుండు లెక్క ఉన్నడు."

"నేను దిద్దుతనమ్మా, వంగు" అన్నాడు దేవన్న.

నాలుగోనాడు పటేల్ దుకాణానికి వచ్చి గద్దె మీద కూర్చున్నాడు.

"దేవన్నా, దాని నెత్తి మీద పున్నమి చంద్రుణ్ణి పెట్టు. కార్తీక పున్నమి రాత్రి నా చేన్ల కంకులు దొంగతనం చేసింది. నా దావా గది. రామకిషన్ సాక్షి."

"మిట్టమధ్యాహ్నం గద పటేలా తీసింది! మీరే ఏరుకొమ్మంటిరి."

"నలుగురి ముందు వెట్టికి రానన్నది. జైలుల కూసుంటె బుద్ధి అస్తది."

దేవన్న కుంచె ఆపాడు. కష్టం చేసుకునే మనిషిని నవ్వించి, వంగబెట్టి, ఆ వంగిన నడుము మీదే నేరం మోపుతున్నారు! ఆ పటం కోసం వంగమన్నది తన నోరే.  కుంచె కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టాడు.

"నేను పెట్ట."

"నువ్వు పెట్టకుంటె నేను పెడత" అన్నాడు రామకిషన్.

"పెట్టుండ్రి సేఠ్. మీరు పెడితె చంద్రుడు కాదు, గోడ మీది సున్నపు మరక. గుడ్డోడు గూడ పట్టేస్తడు."

పటేల్ మీసం సవరించుకున్నాడు. "లొల్లి ఎందుకు? పలక హైదరాబాదుకు తీస్కపోత. ఆడ పెట్టిన చంద్రులు తరగనే తరగరంట."

ఆ మాటతో లేవబోయిన దేవన్న ఆగిపోయాడు. తాను చేతులు కడుక్కుని పోతే తన చేతులే శుభ్రంగా ఉంటాయి. సంగవ్వ జైలు తప్పదు.

"కచేరీల పేషీ ఎన్నడు?"

"పుష్య పున్నమి పగలు. నేనే అడిగి ఏపిచ్చిన. ఆనాడు నీ చంద్రుడు నిండుగ ఉంటడు, అసలుదో పెట్టిందో ఎవ్వడు చెప్పలేడు. ఫైసలా గూడ ఆ పొద్దే. నేను గూడ పంచాంగం చూస్త దేవన్నా!"

దేవన్న గోడ మీది పంచాంగం తీశాడు. పుష్య పున్నమి కింద చిన్న అచ్చులో ఒక వరుస ఉంది. రెండుసార్లు చదివి మూశాడు.

"ఐతె నేనే పెడత. కని నా చంద్రుడు తన తొవ్వల తను పోతడు. ఎన్క నన్ననద్దు."

"పోనీ, పోనీ" అని పటేల్ నవ్వాడు.

దేవన్న చంద్రుణ్ణి పెట్టాడు. అంత శ్రద్ధగా ఎన్నడూ పెట్టలేదు. కాగితం ఆరాక బొట్టు దిద్దబోతుంటే పటేల్ పటం లాక్కున్నాడు.

"దొంగదానికి బొట్టెందుకు?"

పుష్య పున్నమి నాడు బిలోలి తహసీలు కచేరీలో పటం బల్ల మీదికి వచ్చింది. దేవన్న పంచాంగం చంకలో పెట్టుకుని వెనక నిలబడ్డాడు. తహసీల్‌దారు పటాన్ని వెలుగుకు తిప్పి చూశాడు.

"చాంద్ అస్లీ హై, యా దేవన్న వాలా?" చంద్రుడు అసలువాడా, దేవన్న పెట్టినవాడా అని అడిగాడు.

"అస్లీ హై సర్కార్. రాత్రే తీసిన, దేవుని తోడు" అన్నాడు రామకిషన్.

పక్కన కాగితాలు అందించే పేష్కారు కచేరీ గోడ మీది పంచాంగం చూసి, ఈ రోజు పున్నమే కాబట్టి ఏదైనా నిండుగానే ఉంటుందని చెప్పాడు. తహసీల్‌దారు కలం తీశాడు.

"అబద్ధం సాబ్!" సంగవ్వ గొంతు కచేరీ అంతా మోగింది. "పటేలే ఏరుకొమ్మన్నడు! ఎండకు నా నెత్తి మాడింది, వెన్నెల ఎక్కడిది? పటేలా, నీ నోట్ల మన్నువడ!"

"నోరు మూయవే" అన్నాడు పటేల్.

అప్పుడు పటంలో చంద్రుడి అంచు చీమ కొరికినంత నల్లబడింది. కలం ఆగింది. నలుపు పావుకు పెరిగింది, సగమైంది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"సర్కార్, గ్రహణం పట్టింది" అన్నాడు పేష్కారు, టపా వచ్చిందన్నంత మామూలుగా.

"ఇయ్యాల గ్రహణం లేదు!" పటేల్ లేచాడు. "పట్టు స్నానం లేదు, విడుపు స్నానం లేదు. ఎవ్వరు జెప్పలే!"

దేవన్న ముందుకొచ్చి పంచాంగం బల్ల మీద పరిచాడు.

"ఉన్నది పటేలా. చిన్న అచ్చుల ఉన్నది. 'ఈ గ్రహణము మన దేశమున పగటివేళ యగుటచే కనపడదు, పట్టింపు లేదు.' పట్టింపు మనకు లేదు. చంద్రునికి ఉంటది గద!"

చంద్రుడు పూర్తిగా మునిగి రాగిబిళ్ళలా ఎర్రబడ్డాడు.

"నువ్వు పెట్టిందేనా?" తహసీల్‌దారు అడిగాడు.

"నేనే పెట్టిన సర్కార్. పటం పట్టపగలు తీసింది. సంగవ్వ ఏరింది పరిగె."

తహసీల్‌దారు దావా కొట్టేశాడు. దొంగ ప్రమాణం చేసిన రామకిషన్‌ను, చేయించిన పటేల్‌ను అక్కడే నేరస్తుల్లా నిలబెట్టించాడు. సంగవ్వను వెట్టికి పిలవకూడదని కాగితం రాసి మొహరు వేసి, పటం ఆమెకే ఇమ్మన్నాడు.

సంగవ్వ పటం అందుకుని చూసుకుంది. దండం పెట్టలేదు.

"నా బొట్టేది?"

దేవన్న పటంలోని నుదురు చూశాడు.

"మాట ఇచ్చినవు గదయ్యా! చంద్రుడు యాదికుండె, బొట్టు యాదికి లేకపాయె? నా మొగడు బతికుండంగనె ముండమోపిని చేసి, ఇంతమంది ముందట పెట్టిండ్రు నన్ను!"

పటేల్ లాక్కున్నాడని చెప్పవచ్చు. దేవన్న చెప్పలేదు. గడప దాటనివ్వకూడనిదాన్ని దాటనిచ్చింది తానే. పంచె కొంగు చివర పోగును మెలిపెట్టి కుంచెలా చేసి, తహసీల్‌దారు బల్ల మీది ఎర్రసిరాలో ముంచాడు. ఎవరూ వద్దనలేదు. పటంలో వంగి ఉన్న సంగవ్వ నుదుటి మీదికి చెయ్యి తెచ్చాడు. పైన చంద్రుడి అంచు మళ్ళీ తెల్లబడుతోంది.

"ఇంకింత పెద్దగ పెట్టు" అంది సంగవ్వ. "పటేల్‌కు దూరంకెల్లి కనవడాలె."