సోమవారం నొక్కిన బటన్

ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం నా పని. కుట్టుపెద్దమ్మ ఇంటికి నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే వెళుతున్నాను. యాభై ఏళ్ళు ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి. తుంటి ఎముక విరిగాక, నా భుజం పట్టుకోనిదే స్నానాలగదిలో అడుగు పెట్టలేదు.

పోయిన ఏడాది మా ఆఫీసు ఆమె మెడలో వేయమని అలారం బటన్ ఒకటి ఇచ్చింది. నొక్కితే గోడ మీది పెట్టెలోంచి కాల్‌సెంటర్ వాళ్ళు పలుకుతారు.

"నా మెడకు ఈ గంట దేనికే? తప్పిపోయే మేకనా నేను?" అని గింజుకుంది.

నేనే బతిమాలాను. "నేను లేనప్పుడు పడితే ఎవరు చూస్తారు పెద్దమ్మా?" అన్నాను. నా మాట మీదే వేసుకుంది.

అది పనిచేస్తుందో లేదోనని నాకు ఒకటే బెంగ. అందుకే ప్రతి సోమవారం నేను పక్కనుండి నొక్కించేదాన్ని. "ఏమైందమ్మా?" అనేది పెట్టె. "ఏం కాలేదు, బాగానే ఉన్నాను" అనేది పెద్దమ్మ, బడిపిల్లలా బుద్ధిగా. ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

మొన్న సూపర్‌వైజరు పిలిచి ఒక కాగితం చూపించాడు. పెద్దమ్మ బటన్ నుంచి ఏడాదిలో యాభై రెండు పిలుపులు, ఒక్కదానికీ మనిషిని పంపాల్సిన అవసరం రాలేదు.

"అంటే మనిషి లేకుండానే ఆవిడకు గడుస్తోంది. నిన్ను ఒక్కింటికి పంపే ఖర్చుతో ఇరవై బటన్లు నడుస్తాయి. ఇక నువ్వు వెళ్ళక్కర్లేదు."

"అవన్నీ నేను నొక్కించినవండీ! పరీక్షకి!"

"అలాగని ఎక్కడా రాసి లేదే."

నమ్మించి గొంతు కోశారు, అదీ నా చేతులతోనే.

ఆ సంగతి రాసిన ఉత్తరం ఇవ్వడానికి కూడా నన్నే పంపారు. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నొక్కమన్నది నువ్వే కదే."

"ఇలా చేస్తారని తెలీదు పెద్దమ్మా, నీ మీదొట్టు."

ఆమె నా వైపు చూడలేదు. బటన్ నొక్కింది.

"ఏమైందమ్మా?" అంది పెట్టె.

"రేపట్నుంచి నాకు స్నానం ఎవరు చేయిస్తారు?"

"పడిపోయారా అమ్మా?"

"లేదు."

"అయితే బాగానే ఉన్నట్టేనమ్మా." పెట్టె ఆగిపోయింది.

అది యాభై మూడోది. నీళ్ళు పెడతానంటూ లేచాను.

"వద్దులే" అంది, గోడ పట్టుకుని తనంతట తాను లేవబోతూ. "ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకుంటాను."