అంకెలు లేని బిళ్ళలు

“మధూ, పర్మనెంట్ అయిపోయింది!”

ఫోన్‌లో మా ఆయన గొంతు వెనక ఫ్యాక్టరీ సైరన్ మోగుతోంది. నేను చేతిలో గరిటెతోనే వంటింట్లో ఒక చుట్టు తిరిగాను. పెనం మీద దోసె మాడింది. ఆ రోజు మాడిన దోసె కూడా రుచిగానే ఉంది.

మాకు పెళ్ళయి ఇంకా నా పసుపుతాడు రంగు దిగలేదు. మా ఆయన పేరు విజయకుమార్. మేనరికం కాకపోయినా నేను ‘బావా’ అనే పిలుస్తాను, అలా పిలవడం నాకు ఇష్టం కాబట్టి. తిరువళ్ళూరులో మా అద్దె ఇంట్లో టీవీ లేదు. అన్నం తిన్నాక చాప పరుచుకుని ఇద్దరం పేకలతో పోకర్ ఆడుకునేవాళ్ళం. నేను కాలేజీ హాస్టల్లో నేర్చుకున్నాను, ఆయన స్నేహితుల గదిలో నేర్చుకున్నాడు. పందెం చింతగింజలు. గింజలన్నీ పోగొట్టుకున్నవాళ్ళు మర్నాడు కాఫీ కలపాలి. “మా ఊరు కండిగైలో మాత్రం ఈ మాట అనొద్దు, నాయనకు పేకలంటే గిట్టదు” అని ఆయన ఒకసారి అన్నాడు. పెద్దవాళ్ళు కదా అనుకుని ఊరుకున్నాను.

ఉద్యోగం ఖాయమైన రోజున ఇద్దామని కానుక ముందే ఎంచి పెట్టుకున్నాను. అసలైన పోకర్ చిప్స్, పందెం కాసే బిళ్ళలు.

ఎంచడం అంత తేలిక కాలేదు. ఆయన స్నేహితుడు దేవా ఇంట్లో ప్లాస్టిక్ బిళ్ళలు చూశాను. ఫ్యాన్ జోరు పెంచితే చాలు, దొంతర జారిపోయేది. చేతిలో పట్టుకుంటే చొక్కా గుండీల్లా ఉండేవి. లోపల ఇనుప రేకు పెట్టినవి బరువుగానే ఉంటాయి కానీ చిల్లర నాణేల్లా మోగుతాయి. నాకు కావలసింది మట్టి కలిపి చేసిన రకం. ఒకదాని మీద ఒకటి పెడితే ‘టక్’మని తడి నేల మీద రాయి పెట్టిన చప్పుడు రావాలి. అంచు చేతికి గీరుకోకూడదు, దొంతర పెడితే వంగకూడదు. నీలం, ఆకుపచ్చ ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. మెరూన్, తెలుపు, పసుపు, నలుపు తీసుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది అంకెల గురించి. దేవా బిళ్ళల మీద ఐదు, నూరు అని అచ్చు వేసి ఉండేది. ఉత్త ఆటే అయినా కాసేపటికి “నూరు పోయినాది నాకు” అనేవారు, మొహాలు మారిపోయేవి. అందుకే అంకెలు లేనివి ఎంచాను. ఏ బిళ్ళ ఎంతో ఆడేవాళ్ళు అనుకుంటే చాలు. పసుపు బిళ్ళ అంటే కాఫీ, నలుపు బిళ్ళ అంటే అంట్లు.

దోసె మాడిన ఆ సాయంత్రమే ఆర్డర్ పెట్టి, నాలో నేను నవ్వుకుంటూ ఎదురుచూశాను.

ఆదివారం పొద్దున మా అత్త మునిలక్ష్మి కే.జీ.కండిగై నుంచి ఫోన్ చేసింది. ఆయన పక్కనే ఉన్నాడని స్పీకర్ పెట్టాను.

“మధుమితా, నీ పేరు మీద పార్సిలొకటి వచ్చిండాదమ్మా. బండరాయి మాదిరి బరువు. కదిలిస్తే గలగలమంటాది. వెండి గిన్నెలా ఏంది?”

నేను నాలుక కరుచుకున్నాను. పెళ్ళి పనులప్పుడు వస్తువులన్నీ అత్తవాళ్ళింటికే తెప్పించుకునేదాన్ని. ఆ అడ్రస్ మార్చలేదు.

“మీ మామ ఆర్.కె.పేటకి పోయినాడు. ఉద్యోగం నిలబడినాక మొదట వచ్చిన సామాను కదా, సామికాడ పెట్టు అన్నాడు. సాయంత్రం వచ్చి కర్పూరం చూపించి తానే విప్పుతాడంట. మీరూ వచ్చేయండబ్బా.”

ఫోన్ పెట్టేశాను. కానుక విషయం ఇప్పుడే బయటపడిపోతుందే అని మాత్రమే నా బాధ. నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను.

“ఏం ఆర్డర్ చేసినావు మధూ?”

“చెప్పను పో. సర్‌ప్రైజ్.”

“మధూ. చెప్పు.”

“పోకర్ చిప్స్.”

ఆయన ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు. కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అక్కడేదో అంటుకున్నట్టు.

“చెంగయ్య చిన్నాయన గురించి నీకు చెప్పలేదు కదా. నాయన తమ్ముడు. నేను ప్లస్ టూలో ఉన్నప్పుడు ఆయన పక్కన మామిడితోపులో పేకాటకి కూర్చున్నా. నాయన చూసినాడు. ఇద్దరినీ తిరుత్తణి కొండకు లాక్కపోయి, సామి ఎదురుగా కర్పూరం వెలిగించి, దాన్ని అరచేత్తో ఆర్పించినాడు. జన్మలో పేక ముట్టమని సత్యం. చిన్నాయన ఆ నెల దాటకముందే మళ్ళా ఆడినాడు.”

“అప్పుడు?”

“అప్పటినుంచి నాయన ఆయనతో మాట్లాడలే. ఉండేది మా వీధిలోనే. చిన్నాయన ఎదురుగా నిలబడి ఉన్నా సరే, అమ్మ దిక్కు తిరిగి ‘మే, నీ మరిదికి చెప్పు’ అంటాడు. అంతే.”

“మరి నువ్వు సత్యం చేసీ నాతో ఎట్లా ఆడినావు బావా?”

“దుడ్డు పెట్టలేదు కదా, ఉత్త చింతగింజలే కదా అని సామికి నేనే సర్ది చెప్పుకున్నా.” అరచెయ్యి మూసుకున్నాడు. “నాయన నన్ను కూడా అట్ల చేస్తే, మధూ, నేను తట్టుకోలేను.”

వెంటనే బండి తీశాం. మామ రాకముందే పెట్టె తీసి దాచేయాలని ఆశ. ఎప్పుడూ ఆ దారంతా ఆయన వీపుకు ఆనుకుని పాటలు పాడేదాన్ని. దూరంగా కొండ కనిపించగానే ఒక చెయ్యెత్తి దండం పెట్టేదాన్ని. ఆ రోజు కొండ కనిపించినప్పుడు ఆయన బండి నెమ్మది చేశాడు, తల మాత్రం ఎత్తలేదు. ఎదురుగా వచ్చే ప్రతి టౌన్ బస్సు కిటికీలోనూ నాకు మామ తెల్ల తలపాగా కనిపించింది.

కండిగైలో ఇల్లు చేరేసరికి మామ రాలేదు. పెట్టె దీపం కింద ఉంది. అట్టపెట్టె నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ, మీద ఒక చామంతి. ఆయన చెయ్యి చాచాడు.

“ఒరే! చెయ్యి తియ్యి!” అత్త వంటింట్లోంచి ఉరికింది. “సామికి పెట్టినదాన్ని హారతి కాకముందే కదిలిస్తారా? పర్మనెంట్ అయితే బుద్ధి కూడా పోతాదా?”

“మసాలా డబ్బాలని చెప్పేద్దాం” అని నేను పెరట్లో గుసగుసలాడాను. “తర్వాత విప్పుకుంటామని అడుగుదాం.”

“కర్పూరం ముందరా?” అన్నాడాయన.

మా మామ చెంగల్రాయుడు దీపాలవేళకు ముందే వచ్చాడు. నాకని మల్లెపూలు తెచ్చాడు. ఆ పూలు జడలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాను.

“ఏమ్మా, ఉత్త చేతుల్తో వచ్చినారా? ఓహో, మీకంటే ముందు మీ సామాను వచ్చేసినాది కదా!” అని పెద్దగా నవ్వాడు. “పర్మనెంటు దొర మొహమేంది అట్ల పాలిపోయిండాది? కోడలు కూడు పెట్టడంలేదా?”

కాళ్ళు కడుక్కుని వచ్చి కర్పూరం వెలిగించాడు. పెట్టె చుట్టూ పళ్ళెం తిప్పి, కొడుకు ముందుకు తెచ్చాడు.

“కండ్లకద్దుకోరా.”

బావ చేతులు లేవలేదు.

“ఏంరా?”

“నేను ముట్టకూడదు నాయనా.”

“మామా, తప్పు నాది” అన్నాను. “ఆయనకు తెలీదు. నేను తెప్పించినా.”

మామ మా ఇద్దరినీ చూశాడు. పళ్ళెం కింద పెట్టి, కత్తి తీసుకుని టేపు కోశాడు. అట్టపెట్టెలోంచి వెండి రంగు సూట్‌కేసు లాంటిది బయటికి తీసి మూత ఎత్తాడు. నేను అంత మురిపెంగా ఎంచుకున్న రంగులన్నీ వరసలు వరసలుగా మెరిశాయి.

“ఏందయ్యా ఇవి, క్యారం కాయిన్లా?” అంది అత్త.

“పేకాటలో దుడ్డుకు బదులు పెట్టేవి” అన్నాడు బావ. “మేమిద్దరం ఆడుకుంటాం నాయనా. ఇంట్లో.”

ఎవరూ ఆర్పకుండానే కర్పూరం తనంతట తాను ఆరిపోయింది. మామ మెల్లగా అత్త దిక్కు తిరిగాడు.

“మే మునిలక్ష్మీ, నీ కొడుకునడుగు. కొండమీద చేసిన సత్యం గుర్తుండాదా అని.”

బావ కళ్ళు మూసుకున్నాడు.

“ఎదురుగానే ఉండాడు కదయ్యా, నువ్వే అడుగు” అంది అత్త. ఆమె మొహం కూడా మారిపోయింది.

“నువ్వు అడుగు.”

“గుర్తుండాదారా విజయా?” అని అత్త అడిగింది.

“గుర్తుండాది. దుడ్డు పెట్టలే నాయనా. ఒక్క పైసా పెట్టలే.”

మామ ఆ మాట విననట్టే కూర్చున్నాడు. పెట్టెలోంచి ఒక పసుపు బిళ్ళ తీశాడు. దీపం దగ్గర పెట్టి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గోటితో గీరి చూశాడు.

“ఎంతని యాడ రాసిండాదమ్మా?” అన్నాడు నాతో.

“ఏమీ రాయలేదు మామా. రాయనివే ఎంచినా. అంకె ఉంటే దుడ్డు గుర్తొస్తాది, మనుషులు మారిపోతారు. మాది కాఫీ పందెం. ఓడినోళ్ళు కాఫీ పెట్టాల.”

“జాస్తి ఓడేదెవురు?”

“ఆయనే.”

ఎవరూ నవ్వలేదు. మామ బిళ్ళ మీద బిళ్ళ పేర్చుకుంటూ పోయాడు. టక్, టక్. నేను కోరి ఎంచుకున్న చప్పుడే. దొంతర జానెడెత్తు వచ్చినా వంగలేదు.

“నా చెయ్యి పట్టుకోని సత్యం చేయలే. సామికి చేసినారు” అన్నాడు ఎవరినీ చూడకుండా. “కాబట్టి తప్పని చెప్పేదానికీ, పోనీలే అనేదానికీ నేనెవురు? యాడ ఆర్పినారో ఆడే మళ్ళా వెలిగించి, పువ్వు అడగాల. తెల్లది, ఎర్రది పొట్లం కట్టి సామి ముందర వేస్తే, ఏది చేతికొస్తే అది. తెల్లది వస్తే ఈ పెట్టె మీది.”

“ఎర్రది వస్తే?” అంది అత్త.

మామ దొంతరలోంచి ఒక్కొక్క బిళ్ళా తీసి, ఏ రంగు వరసలో ఆ రంగు సర్దాడు. పెట్టె మూసి లేచాడు.

“పువ్వు అడిగేటప్పుడు, ఆ కర్పూరం ఆర్పినోళ్ళందరూ నిలబడాల. ఒకరు తక్కువైనా చెల్లదు.”

ఆర్పినవాళ్ళు ఇద్దరు: బావ, ఆయన చిన్నాయన. అత్త నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా. మామ వాకిలి దగ్గర చెప్పులేసుకుంటున్నాడు. ఇంకోసారి ‘మే, నీ కొడుకుకి చెప్పు’ అంటాడేమోనని నేను ఆయన నోటివైపే చూశాను.

“విజయా” అన్నాడు, కొడుకు మొహంలోకి చూస్తూ. “రేపు పొద్దున మొదటి బస్సుకి కొండకు పోతాం. పెట్టె నువ్వే ఎత్తుకోవాల. మీ చిన్నాయనకు నేను పోయి చెప్పేసి వస్తా.”