తలుపుకు కట్టిన దారం

మధ్యాహ్నాలు వినోద కాలి బొటనవేలికి ఒక దారం కట్టి ఉంటుంది. దాని రెండో కొస అత్త శంకరవ్వ ముంజేతికి.

భర్త రామచంద్రం సందు చివర కైలాసం షెడ్డులో సాంచాలు నడుపుతాడు. సిరిసిల్లలో మరమగ్గాలను అలాగే అంటారు. వినోద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టాలి, అత్తనూ కనిపెట్టుకోవాలి. మతిమరుపు జబ్బు ముదిరినప్పటి నుంచి చూపు మరల్చితే చాలు శంకరవ్వ బయటికి పోతోంది. ఒకసారి వేములవాడ రోడ్డు మీద లారీకి అడ్డంగా దొరికింది. తలుపు మూస్తే గోడకు తల బాదుకుంటుంది. అందుకే ఈ దారం. అత్త లేస్తే వేలు గుంజుతుంది, వినోద లేస్తుంది. దీన్ని కట్టేయడం అనరని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. భర్తకు మాత్రం చెప్పలేదు. "ఇంట్ల కూసొని సూసుకునుడే గదా, గదేం పనే?" అనే మనిషికి ఏమని చెబుతుంది?

ఆ ముందు రాత్రి శంకరవ్వ "మా ఇంటికి పోత" అని తెల్లారేదాకా పోరు పెట్టింది. మధ్యాహ్నం ఆకు కత్తిరిస్తూనే వినోద గోడకు ఒరిగింది. కత్తెర చేతిలోనే ఉంది, కళ్లు మూతపడ్డాయి. మధ్యమధ్య వేలు మెల్లగా గుంజినట్టయ్యేది. 'ఉన్నది' అనుకుని మళ్లీ నిద్రలోకి జారిపోయేది.

"ఏమే వినోదా, తలుపుకు దారం గట్టినవేంది? కొత్త తాళమా?"

పక్కింటి రాజక్క గొంతు విని కళ్లు తెరిచింది. మంచం ఖాళీగా ఉంది. తన వేలికున్న దారం గది దాటి తలుపు గొళ్లేనికి చేరింది. గాలికి రెక్క ఊగినప్పుడల్లా వేలు గుంజుతోంది.

దగ్గరికి పోయి చూసింది. ముసలామె తన చేతి దగ్గర దారం కొరికేసి, గొళ్లెం చుట్టూ తిప్పి ముడి వేసింది. పడుగు పోగు తెగితే నేతవాళ్లు వేసే ముడి అది, నువ్వుగింజంత. జాకెట్టు హుక్కు పెట్టుకోలేని వేళ్లు, అన్నం ముద్ద నోటిదాకా తేలేని వేళ్లు వేసిన ముడి.

దాన్నే చూస్తున్న వినోద లోపల ఒక మాట లేచింది. 'పోయింది. ఇగ పండుకోవచ్చు.'

ఆ మాట తనదేనని తెలిసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నిలవడి ఏడుస్తవేందే, ఉరుకు! నేను రోడ్డు దిక్కు సూస్త" అని రాజక్క కదిలింది.

గొళ్లేనికున్న దారం పుటుక్కున తెంపుకుని వినోద షెడ్ల వైపు పరుగెత్తింది. సందంతా సాంచాల మోత. అత్తమ్మా అని పిలిచిన పిలుపు అందులోనే కలిసిపోయింది. కైలాసం షెడ్డు గడపలో ఆమె కాళ్లు ఆగిపోయాయి.

రామచంద్రం ఆ చివర, అటు తిరిగి నూలు కండె మారుస్తున్నాడు. ఈ చివర నడుస్తున్న సాంచా మీదికి శంకరవ్వ వంగి ఉంది. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చోటికి చెయ్యి పోనిస్తోంది.

వినోద అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు. ఒక్క ఉరుకున పోయి సాంచా పిడి గుంజింది. అది ఆగింది, ఆ మూల మోత తగ్గింది.

రామచంద్రం వెనక్కి తిరిగి పరుగున వచ్చాడు. "అవ్వా! నువ్వెట్లొచ్చినవే? వినోదా, ఇంట్ల ఏం జేస్తున్నవ్? పండుకున్నవా?"

శంకరవ్వ పెదాల మీద వేలు పెట్టింది. "మెల్లగ, కొడుకా. మా కోడలు పండుకున్నది. రాత్రంత ఎవలో ముసల్ది దాన్ని పండనియ్యలే. నేను లేస్తె అది లేస్తదని, దారం తలుపుకు గట్టొచ్చిన." తర్వాత వినోద వైపు చూసింది. "నువ్వెవలు పిల్లా? గట్ల సూస్తవేంది?"

వినోద ముసలామె చెయ్యి సాంచా మీది నుంచి పక్కకు తీసింది.

రామచంద్రం చూపు ఆమె కాలి మీద పడింది. వేలి నుంచి తెగిన దారం, సందు దుమ్మంతా అంటుకుని, గడపదాకా సాగి ఉంది.

"గిదేంది?"

"మీ అవ్వకు, నాకు కట్టుకునే దారం. రోజూ కట్టుకుంట."

అతను తల్లి ముంజెయ్యి పట్టి చూశాడు. మిగిలిన దారం ముక్క కింద నల్లటి గాటు.

వినోద తన వేలి ముడి విప్పి, ఆ కొస అతని చేతికి చుట్టింది. "ఇయ్యాల నువ్వు కట్టుకో. నేను పండుకుంట."

"సాంచాలు నడుస్తున్నయ్ గదనే..."

"నడువనియ్."

ముడి వేయబోతే దారం రెండుసార్లు జారిపోయింది.

"గట్ల గాదు, ఇటు తే పిల్లా" అంది శంకరవ్వ. ఆ కొసలు అందుకుని, చూడకుండానే, కొడుకు చేతికి గట్టి ముడి వేసింది.